దుబాయ్ అప్పు, ముంబై ఫోన్లు: ఒక కేస్ స్టడీ

బ్యాంకులో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఉత్తర తెలంగాణలో మా ఊరికి దగ్గరి మండల కేంద్రంలో వారానికి రెండు రోజులు కూర్చుంటాను. గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లు బ్యాంకు కాగితాలు, ఇన్సూరెన్స్ కాగితాలు పట్టుకుని వస్తారు. కోర్టు దాకా వెళ్లే విషయమైతే నా అడ్వకేట్ మిత్రుడు చూస్తాడు. ఈ కేసులో మొదటి నెలన్నర నేను తప్పు తలుపు కొట్టాను. రాయడానికి ముఖ్య కారణం అదే. పేర్లు, తేదీల్లో కొన్ని, అంకెల్లో కొన్ని మార్చాను. బ్యాంకు పేరు రాయడం లేదు.

మనిషి, అప్పు

ఆయన్ని మల్లేశ్ అందాం. నలభైకి దగ్గర పడ్డ వయసు. దుబాయ్‌లో ఏసీ మెకానిక్‌గా చేరి సూపర్‌వైజర్ అయ్యాడు, జీతం 6,000 దిర్హాములు. 2018లో చెల్లెలి పెళ్లికి 60,000 దిర్హాముల పర్సనల్ లోన్ తీసుకున్నాడు, గడువు 48 నెలలు. యూఏఈలో పర్సనల్ లోన్‌కు అంతకుమించి గడువు ఇవ్వకూడదు. అప్పు జీతానికి ఇరవై రెట్లు దాటకూడదు, నెలకు కట్టే కిస్తులన్నీ కలిపి జీతంలో సగం మించకూడదు. 2011లో అక్కడి సెంట్రల్ బ్యాంకు పెట్టిన హద్దులివి. మల్లేశ్ లోన్ ఈ హద్దుల్లోనే ఉంది కాబట్టి, అప్పు ఇవ్వడంలోనే తప్పు జరిగిందని వాదించే దారి మాకు మొదటే మూసుకుపోయింది. లోన్‌తో పాటు ఒక క్రెడిట్ కార్డు కూడా అంటగట్టారు. సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఒకటి తీసుకున్నారు. దీన్నే సెక్యూరిటీ చెక్కు అంటారు, కిస్తులు తప్పితే బ్యాంకు అంకె వేసి వాడుకుంటుంది. గల్ఫ్‌లో అప్పు తీసుకున్నవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు.

2020 మార్చి వరకు పద్దెనిమిది కిస్తులు ఒక్కటీ తప్పకుండా కట్టాడు. తర్వాత కరోనా వచ్చింది, కంపెనీ మూతపడింది. చివరి రెండు నెలల జీతమూ గ్రాట్యుటీ రాలేదు. చిక్కుకుపోయినవాళ్ల కోసం కేంద్రం నడిపిన వందే భారత్ విమానంలో ఇల్లు చేరాడు. అప్పటికి లోన్ అసలు 39,700 దిర్హాముల చిల్లర, కార్డు మీద 9,300 బాకీ ఉంది.

నా దగ్గరికి వచ్చినప్పుడు

2024 ఆగస్టులో ముందు వచ్చింది మల్లేశ్ కాదు, ఆయన భార్య. ఫోన్ నా ముందు పెట్టి, "సార్, గీ కాగితం అసలుదేనా?" అంది. వాట్సాప్‌లో వచ్చిన నోటీసు. పైన మూడు సింహాల బొమ్మ, కింద "ఇంటర్నేషనల్ కోర్ట్ ఆఫ్ దుబాయ్" అని గుండ్రటి ముద్ర, మధ్యలో 96,000 దిర్హాములు సెప్టెంబర్ 31లోగా కట్టకపోతే ఇంటర్‌పోల్ ద్వారా అరెస్టు అని. సెప్టెంబర్‌కు ముప్పై రోజులే కదమ్మా అన్నాను. ఆమె నవ్వలేదు. ఆ తేదీని ఇంట్లో ఎవరూ గమనించలేదట. అంత టెన్షన్‌లో ఉన్నప్పుడు ఎవరు మాత్రం గమనిస్తారు.

బాకీ వసూలు చేసే ఏజెంట్ల ఫోన్లు ముంబై నుంచి వస్తున్నాయి. మల్లేశ్ సిమ్ మార్చాడు. అప్పుడు బావమరిదికి చేశారు, తర్వాత సర్పంచ్‌కు, చివరికి చెల్లెలి అత్తగారింటికి. పెళ్లికని తెచ్చిన అప్పు అత్తగారింటి చెవిన పడటం ఆ ఇంట్లో ఎంత గొడవ తెచ్చిందో ఇక్కడ రాయను.

రెండో విడత మాటల్లో ఇంకొకటి బయటపడింది. 2023లోనే "సెటిల్మెంట్" అని చెప్పి ఒకడు రెండు దఫాలుగా లక్షా యాభై వేలు యూపీఐలో వేయించుకున్నాడు. రసీదు లేదు. డబ్బు వెళ్లింది ఎవరో వ్యక్తి పేరు మీదున్న ఖాతాకు. కట్టిన నాలుగు నెలలకు మళ్లీ ఫోన్లు మొదలయ్యాయి, ఈసారి వేరే గొంతు.

అసలు మీకేం కావాలని మల్లేశ్‌ను అడిగాను. ఫోన్లు ఆగాలంటాడని అనుకున్నా. "మళ్ల పోవాలె సార్. ఈడ ఏం పని లేదు," అన్నాడు. ఒక్క వేధింపే సమస్య అయితే పోలీసులతో, ఒక నోటీసుతో సరిపెట్టొచ్చు. తిరిగి దుబాయ్ ఎయిర్‌పోర్టులో దిగాలనుకునేవాడికి అప్పు లెక్క తేలాల్సిందే. ఆ రోజు నోట్‌బుక్‌లో ఈ మాట రాసుకున్నాను కానీ దాని ప్రకారం నడుచుకోలేదు.

తప్పు తలుపులు

బ్యాంకు మనిషిని కాబట్టి నా చెయ్యి ముందు రిజర్వ్ బ్యాంకు వైపే వెళ్లింది. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని, బంధువులను, స్నేహితులను వేధించకూడదని 2022 ఆగస్టులో ఆర్‌బీఐ గట్టిగా చెప్పింది. ఆర్‌బీఐ కిందున్న సంస్థల మీద ఫిర్యాదులు వినడానికి 2021 నవంబర్ నుంచి అన్నిటికీ కలిపి ఒకే అంబుడ్స్‌మన్ పథకం ఉంది. ఫీజు లేదు. లాయర్‌ను పెట్టుకుని ఫిర్యాదు చేయకూడదు కానీ లాయర్ కాని ప్రతినిధిని పెట్టుకోవచ్చు, అంటే నా బోటివాడికి సరిపోయే ఏర్పాటు. కాల్ రికార్డులు, స్క్రీన్‌షాట్లు అన్నీ జత చేసి ఆన్‌లైన్‌లో వేశాను. ఐదు వారాలకు జవాబు వచ్చింది: ఈ సంస్థ పథకం పరిధిలోకి రాదు, ఫిర్యాదు మూసివేయబడింది.

కోపం వచ్చింది. తర్వాత ప్రశాంతంగా చదివితే వాళ్లు చెప్పింది న్యాయమే. అంబుడ్స్‌మన్ చూసేది ఆర్‌బీఐ లైసెన్సు కిందున్న సంస్థలనే. అప్పిచ్చిన బ్యాంకుకు లైసెన్సు ఇచ్చింది యూఏఈ సెంట్రల్ బ్యాంకు. గల్ఫ్ బ్యాంకుల్లో కొన్నింటికి మన దేశంలో శాఖలున్నాయి, ఈ బ్యాంకుకు లేదు. ఫోన్ చేస్తున్న ముంబై సంస్థ మామూలు ప్రైవేటు కంపెనీ, దానికి ఏ ఆర్థిక లైసెన్సూ లేదు. ఇక్కడి బ్యాంకు తరఫున అదే మనిషి అదే మాట అంటే ఆర్‌బీఐ నిబంధన అడ్డొస్తుంది. అక్కడి బ్యాంకు తరఫున అంటే రాదు. మల్లేశ్‌కు ఇది చెప్పినప్పుడు "అంటే మనకు దిక్కు లేదా సార్?" అన్నాడు. దిక్కుంది, కాకపోతే సముద్రం అవతల ఉంది. నేను ముందుగా చూడాల్సింది అటువైపు.

వినియోగదారుల కమిషన్ సంగతి మిత్రుడితో ఒక సాయంత్రమంతా మాట్లాడాను. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుదారు ఉండే చోటే కేసు వేయొచ్చు, అది మంచి వెసులుబాటు. అయితే ఇక్కడ శాఖే లేని బ్యాంకుకు నోటీసు అందించడానికే ఎన్ని నెలలు పడుతుందో తెలియదు. గెలిచినా ఆర్డర్‌ను ఎవరి మీద అమలు చేయాలి? వద్దనుకున్నాం.

పోలీస్ స్టేషన్‌లో పిటిషన్ ఇచ్చాం. బెదిరింపులకు, దొంగ కోర్టు నోటీసుకు, లక్షన్నరకు కలిపి. ఎస్సై మర్యాదగానే విన్నాడు, రసీదు ఇచ్చాడు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేసి ఉంటే డబ్బును దారిలోనే ఆపే అవకాశం ఉండేది, ఏడాది దాటాక ఆ దారి లేదు. ఆ పిటిషన్ వల్ల ఒక్క లాభం జరిగింది. తర్వాత ఫోన్ చేసినవాడికి మల్లేశ్ రసీదు నంబరు చదివి వినిపిస్తే, వాడు మూడు వారాలు మళ్లీ చేయలేదు.

దారి మార్చడం

ఏజెంటు తప్పుకు అతన్ని పెట్టుకున్న సంస్థే జవాబుదారీ. జీ20 దేశాల కోసం ఓఈసీడీ అనే అంతర్జాతీయ ఆర్థిక సహకార సంస్థ 2011లో తయారుచేసి, 2022లో సవరించిన ఆర్థిక వినియోగదారుల రక్షణ సూత్రాల్లో ఈ మాట ఉంది. సూత్రాలు కోర్టులో చెల్లే కాగితాలు కావు. కానీ ఆయా దేశాల నిబంధనలు వాటి మీదే అల్లుకున్నాయి. యూఏఈ సెంట్రల్ బ్యాంకు కూడా వినియోగదారుల రక్షణకు ప్రత్యేక నిబంధనలు పెట్టింది, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినడానికి సనదక్ అనే అంబుడ్స్‌మన్ సంస్థను ఏర్పాటు చేసింది. అక్కడా వరస మన దగ్గరిలాగే ఉంటుంది: ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు, అక్కడ తేలకపోతే పైకి. కాబట్టి మేం తేల్చుకోవాల్సింది ముంబై గొంతుతో కాదు, దుబాయ్ బ్యాంకు ఫిర్యాదుల విభాగంతో.

ఉత్తరం రాయడానికి రెండు రోజులు పట్టింది. ముందు చిత్తుప్రతిలో మల్లేశ్ తన కష్టాలన్నీ చెప్పుకుని చివర "నా అప్పు ఒప్పుకుంటున్నాను, తగ్గించండి" అని రాయించాడు. అడ్వకేట్ మిత్రుడు ఆ వాక్యం మీద గీత కొట్టాడు. రాతపూర్వకంగా బాకీ ఒప్పుకుంటే దావా వేయడానికి ఉన్న కాలపరిమితి మళ్లీ మొదటి నుంచి లెక్కకు రావచ్చు. ఎంత బాకీ ఉందో తెలియకుండా, ఎంతకైనా సరే అన్నట్టు ఒప్పుకోవడం అంతకన్నా పొరపాటు. అందుకే మొదటి ఉత్తరంలో బేరం పెట్టలేదు. నా హక్కులకు భంగం లేకుండా అడుగుతున్నాను అని మొదలుపెట్టి, ఐదు సంగతులు మాత్రం అడిగాం. ఈ రోజుకు బాకీ ఎంత, అందులో అసలు ఎంత, వడ్డీ ఎంత, ఫీజులు ఎంత. నా మీద ఏ కోర్టులోనైనా కేసు ఉందా, ఉంటే నంబరు. నా బాకీ వసూలు ఏ ఏజెన్సీకి అప్పగించారు. 2023లో నేను కట్టిన డబ్బు మీకు జమ అయిందా. నా బంధువులకు ఫోన్ చేయడం మీకు తెలిసే జరుగుతోందా.

ఆఖరి ప్రశ్నను నేను కావాలనే అలా పెట్టాను. అవునంటే వాళ్ల నియంత్రణ సంస్థ ముందు ఇరుక్కుంటారు, కాదంటే ఏజెన్సీని ఆపాల్సి వస్తుంది.

ఉత్తరం పంపింది బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉన్న ఫిర్యాదుల ఈమెయిల్‌కు మాత్రమే, ఏజెంటు ఇచ్చిన చిరునామాకు కాదు. పాస్‌పోర్ట్, పాత ఎమిరేట్స్ ఐడీ (యూఏఈ గుర్తింపు కార్డు) నకళ్లు జత చేశాం. ఈలోగా దుబాయ్ పోలీసుల వెబ్‌సైట్‌లో ఎమిరేట్స్ ఐడీ నంబరు కొట్టి, డబ్బుకు సంబంధించిన క్రిమినల్ కేసులేమైనా ఉన్నాయేమో చూశాం. ఏమీ లేవని వచ్చింది. మల్లేశ్ ఆ స్క్రీన్‌ను ఫొటో తీసుకుని భార్యకు పంపాడు. మరీ సంబరపడొద్దని చెప్పాల్సి వచ్చింది: ఆ పేజీ చెప్పేది పోలీసు కేసుల సంగతే, సివిల్ కోర్టు సంగతి కాదు. ఖాతాలో డబ్బు లేక చెక్కు బౌన్స్ కావడాన్ని 2022 జనవరి 2 నుంచి యూఏఈ చాలావరకు నేరాల జాబితాలోంచి తీసేసింది. దాని బదులు, బౌన్సయిన చెక్కుతో నేరుగా వసూలుకు కోర్టుకెళ్లే సౌకర్యం బ్యాంకులకు ఇచ్చింది. జైలు భయం తగ్గింది కానీ ఆస్తి భయం తగ్గలేదు.

జవాబు

ఇరవై ఆరో రోజున వచ్చింది. మూడు పేజీలు. అందులో రెండు మాటలు మేం ఊహించనివి.

మొదటిది: బాకీ 71,400 దిర్హాములు, ఏజెంటు చెప్పిన 96,000 కాదు. 2023లో కట్టిన లక్షన్నర వాళ్లకు చేరలేదు. డబ్బు తీసుకున్న ఏజెన్సీని 2022లోనే తప్పించామని, ఇప్పుడు ఈ ఖాతా ఇంకో ఏజెన్సీ దగ్గర ఉందని రాశారు. అంటే పని పోయినవాళ్ల దగ్గర కస్టమర్ల జాబితా మిగిలిపోయింది, దాన్ని పట్టుకుని వాళ్లు సొంత వసూళ్లు చేసుకుంటున్నారు. ఇది నేను చూసిన మొదటి కేసు. ఆ తర్వాత ఇలాంటివి ఇంకో రెండు వచ్చాయి.

రెండోది: 2021లో దుబాయ్ కోర్టులో మల్లేశ్ మీద ఎక్స్‌పార్టీ తీర్పు, అంటే ఆయన హాజరు లేకుండానే ఇచ్చిన తీర్పు ఉంది.

ఈ రెండో మాట దగ్గర కేసు స్వరూపమే మారింది. మా ప్రాంతంలో ఇప్పటికీ చెలామణిలో ఉన్న నమ్మకం ఒకటుంది: విమానం ఎక్కి ఇండియాలో దిగితే దుబాయ్ కోర్టు ఏం చేయలేదు. 2020 జనవరి దాకా అందులో కొంత నిజం ఉండేది. ఆ నెల 17న కేంద్రం యూఏఈని సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఏ సెక్షన్ కింద పరస్పర దేశంగా నోటిఫై చేసింది. దుబాయ్ కోర్టు డిక్రీ సర్టిఫైడ్ కాపీ ఇక్కడి జిల్లా కోర్టులో వేసి, ఇక్కడి డిక్రీలాగే అమలు చేయించుకోవచ్చు. ఎన్నేళ్లలోపు వేయాలన్న దానికి తీర్పిచ్చిన దేశపు చట్టమే చూడాలని 2020 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి మన గడువులు వేళ్ల మీద లెక్కపెట్టుకుని ధైర్యంగా కూర్చోవడానికి లేదు.

మల్లేశ్‌కు వాదన లేకపోలేదు. తీర్పు వచ్చేనాటికి ఆయన దుబాయ్‌లో లేడు, నోటీసు అందలేదు. సహజ న్యాయానికి విరుద్ధంగా వచ్చిన తీర్పును, కేసు మంచిచెడ్డలు విచారించకుండా ఇచ్చిన తీర్పును 13వ సెక్షన్ కింద ఎదిరించవచ్చు. అడ్వకేట్ మిత్రుడికి ఆ వాదన మీద మంచి నమ్మకమే ఉంది. నాకూ ఉంది. అయినా వద్దన్నాను. ఎందుకంటే అది ఇక్కడ ఎవరైనా అమలుకు వచ్చినప్పుడు వాడే డాలు. మల్లేశ్ పోవాలనుకుంటున్నది అక్కడికి. ఇక్కడి జిల్లా కోర్టులో గెలిచినా దుబాయ్ కోర్టు ఫైలు మూసుకోదు. నా నోట్‌బుక్‌లో ఆగస్టులో రాసుకున్న "మళ్ల పోవాలె" దగ్గరికి అక్టోబర్‌లో తిరిగొచ్చాను.

ఇంటర్‌పోల్ భయం మాత్రం ఆ రోజే తీర్చాను. ప్రైవేటు తగాదాల నుంచి పుట్టిన కేసులకు రెడ్ నోటీసు (మనిషిని వెతికి పట్టుకోమని దేశాలకు పంపే నోటీసు) ఇవ్వకూడదని వాళ్ల సొంత నిబంధనల్లోనే ఉంది. "మరి ఆ ముద్ర?" అంది భార్య. ఆ ముద్ర జెరాక్స్ సెంటర్‌లో చేయొచ్చమ్మా అన్నాను.

బేరం, చెల్లింపు

బ్యాంకు మొదట 58,000 ఒకేసారి కట్టమంది. మేం మల్లేశ్ ఇంటి ఆదాయం, ఆయన నాన్న ఆసుపత్రి బిల్లులు, పాత కంపెనీ జీతం ఎగ్గొట్టిన కాగితాలు పంపాం. పెద్ద వాదనలేమీ పెట్టలేదు. పద్దెనిమిది కిస్తులు సక్రమంగా కట్టిన చరిత్రను, అర్హత లేని ఏజెన్సీకి చిక్కిన ఖాతా వివరాలను పక్కపక్కన పెట్టాం. తేలకపోతే సనదక్‌కు వెళ్తామని ఒక్క వాక్యం రాశాం. బ్యాంకుల లోపల ఆ వాక్యం ఫైలును ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కు జరుపుతుందని నాకు అనుభవం. చివరికి 36,000 దిర్హాములు, నెలకు 6,000 చొప్పున ఆరు కిస్తులు. అసలులో కూడా నాలుగో వంతుకు పైగా తగ్గింది. మండల కేంద్రంలో ఉన్న ప్లాటు అమ్మాడు. అమ్మమని నేను చెప్పలేదు, వద్దని కూడా చెప్పలేదు. ఇప్పటికీ అది నాకు పూర్తిగా నచ్చిన నిర్ణయం కాదు.

సెటిల్మెంట్ లెటర్ చేతికి రాకుండా ఒక్క రూపాయి కదలనివ్వలేదు. లెటర్‌లో నాలుగు ఉన్నాయో లేదో చూశాం: మొత్తం ఎంత, ఏ ఖాతాలో కట్టాలి, కట్టాక కోర్టు కేసు ఉపసంహరణ, సెక్యూరిటీ చెక్కు వాపసు. మొదటి లెటర్‌లో చివరి రెండూ లేవు. తిప్పి పంపి మళ్లీ రాయించాం.

డబ్బు పంపడం దగ్గర ఒక చుట్టపాయన సలహా ఇచ్చాడు: రూపాయలు ఇక్కడ మావాడికి ఇయ్యి, దిర్హాములు అక్కడ మావాడు కడతాడు. అది హవాలా, విదేశీ మారక చట్టం ఫెమా ఉల్లంఘన. ఒక అప్పు తీర్చబోయి ఇంకో కేసు తెచ్చుకోవడం. ఇక్కడి బ్యాంకు ద్వారానే పంపాలన్నాను. ఇది ఏ పర్పస్ కోడ్ (డబ్బు ఎందుకు పంపుతున్నామో చెప్పే కోడ్) కింద వెళ్తుందో తేల్చడానికి బ్రాంచివాళ్లు మూడు వారాలు తీసుకున్నారు. సెటిల్మెంట్ లెటర్, పాత లోన్ అగ్రిమెంట్ చూపించాకే కదిలింది.

ఇంత జాగ్రత్తపడీ మొదటి కిస్తులో దెబ్బతిన్నాం. 6,000 పంపితే 5,927 చేరింది. దారిలో మధ్యవర్తి బ్యాంకు తన చార్జీ కోసుకుంది. పంపే ఫారంలో చార్జీలు ఎవరివి అన్నచోట పంచుకుందాం అన్న గడి టిక్ అయి ఉంది, బ్రాంచిలో ఎప్పుడూ చేసేది అదే. 73 దిర్హాములు తక్కువ పడినందుకు అవతలి కంప్యూటర్ కిస్తు తప్పినట్టు గుర్తించి, సెటిల్మెంట్ రద్దు కావచ్చని మెయిల్ పంపింది. ముప్పై ఏళ్లకు దగ్గరగా ఆ ఫారంలు చూసినవాణ్ని, నేనే ఆ గడి చూడలేదు. మరునాడే తేడా పంపి, కారణం రాసి, డబ్బు పంపినట్టు రుజువైన స్విఫ్ట్ కాపీ జత చేశాం. బ్యాంకు ఒప్పుకుంది. మిగతా ఐదు కిస్తులూ చార్జీలన్నీ పంపేవాడివే అన్న గడిలో వెళ్లాయి, పూర్తిగా చేరాయి.

ఇప్పుడు నేను మార్చుకున్నవి

ఎవరైనా వచ్చి గల్ఫ్ ఏజెంటు ఫోన్ల గురించి చెప్తే, ఇప్పుడు ముందు ఒక కాగితం మీద మూడు గీతలు గీస్తాను. అప్పిచ్చినవాడికి ఎవరి లైసెన్సు, ఫోన్ చేసేవాడికి ఎవరి లైసెన్సు, ఈ మనిషి ఇంకో ఏడాదికి ఎక్కడ ఉండాలనుకుంటున్నాడు. మూడో గీత ఇండియాలోనే ఆగితే సలహా వేరేగా ఉంటుంది. అలాంటి ఒకరికి, పాత తీర్పేదీ లేదని తేలాక, బేరానికి తొందరపడొద్దనే చెప్పాను.

ఏజెంటు ఫోన్ చేస్తే తిట్టొద్దు, కట్ చేయొద్దు, "మీ అప్పగింత లెటర్ బ్యాంకు మెయిల్ నుంచి పంపించండి" అనే ఒక్క మాట అనమంటాను. నిజమైన ఏజెన్సీ పంపుతుంది. పదిమందిలో ఇద్దరో ముగ్గురో పంపారు.

గల్ఫ్ వదిలి వచ్చేవాళ్లు ఎమిరేట్స్ ఐడీ నకలు, లోన్ అగ్రిమెంట్, ఆఖరి స్టేట్‌మెంట్ ఇంట్లో దాచుకుంటే సగం పని అయినట్టే. మల్లేశ్ భార్య వాటిని బియ్యం డబ్బాలో ప్లాస్టిక్ కవర్లో పెట్టింది. అవి లేకపోతే మా ఉత్తరానికి ఆ బ్యాంకు జవాబే ఇచ్చేది కాదేమో.

ఆరో కిస్తు చేరిన పద్దెనిమిదో రోజున బాకీ లేదన్న లెటర్ వచ్చింది, కోర్టు ఫైలు మూసినట్టు ఇంకో నెలకు. చెక్కు పోస్టులో పంపరు, మనిషి రావాలన్నారు. షార్జాలో ఉన్న బావమరిది ఆథరైజేషన్ లెటర్ పట్టుకుని శుక్రవారం సెలవు వదులుకుని వెళ్లి తెచ్చాడు. అడ్డంగా చింపి ఫొటో పంపాడు. ఆరేళ్ల కింద పెట్టిన సంతకం, అంకె రాయని ఖాళీ చెక్కు.

లక్షన్నర మాత్రం రాలేదు. పిటిషన్ ఇంకా స్టేషన్‌లోనే ఉంది. మొన్న వెళ్తే ఎస్సై మారాడు, కొత్తాయన మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నాడు.